రిపేర్ల పద్దు

ఏడేళ్ల పద్దు ఇది.
కాయల లెక్క రాసుకునే పొడుగు పుస్తకంలో
ముందు నుంచి కొబ్బరి, వెనక నుంచి రిపేర్లు.
మొన్న అంబాజీపేటలో లోడు దించి వచ్చాక
రెండూ నడి పేజీలో ఎదురుపడ్డాయి.

క్లచ్ ప్లేట్లు మూడు వేల నాలుగొందలు.
ఉప్పుగాలికి చిల్లుపడ్డ సైలెన్సరు, రెండుసార్లు.
వరదొచ్చిన ఏడు ఇంజన్లోకి నీరెక్కితే
పద్దెనిమిది వేలు,
అదీ మస్తాన్ గారు కాబట్టి.
ఒకసారి లాకుల దగ్గర బండి మొరాయిస్తే
ఎవరో కుర్రాడు ఏదో తిప్పి
ఆరొందలు పట్టుకుపోయాడు.
ఏం తిప్పాడో తెలీక
ఆ గడిలో ప్రశ్నగుర్తు పెట్టాను.

అబ్బులు బండి తోలతాడు. సీటెత్తి చూడడు.
"దాని కడుపులో ఏముందో మనకెందుకే" అంటాడు.
అది మన కడుపే కదా అని నాకుంటుంది.

రాజమండ్రిలో ఆరు నెలల కోర్సు.
ఫీజు డెబ్భై రెండు వేలు, రెండు వాయిదాలు.
పనిముట్ల పెట్టె తొమ్మిది వేలు.
బూట్లు తప్పనిసరి, అని ఎర్ర సిరాతో.
రావులపాలెం వంతెన మీదుగా పోనూ రానూ బస్సు.
కాయ వలిచిన కూలి ఆరు నెలలు సున్నా.
కూడితే లక్షా ఇరవై దాటింది.
ఇంట్లో అంత ధర పలికే వస్తువు బండి ఒక్కటే.
బండి అమ్మి
బండి బాగుచేయడం నేర్చుకోవడం,
అని రాసి, కొట్టేశాను.

"ఎవరికండీ సీటు, బాబుకా?"
నాకేనండి.
ఆయ్, ముప్పై నాలుగేళ్లు, పదో తరగతి పాసు.
ఆ పిల్ల పెన్ను కాగితం మీద కాస్త నిలబడి
తర్వాత కదిలింది.
షోరూంలో మొదటి జీతం పదకొండు వేలంట.
గోడమీద ఫోటోలో నవ్వే కుర్రాడి చేతులు
మరీ శుభ్రంగా ఉన్నాయి.
నాకు నచ్చలేదు.

మస్తాన్ గారి షెడ్డుకెళ్లి అడిగాను,
ఫీజు లేకుండా మీరే నేర్పరాదా అని.
చెవి ఇంజను మీద పెట్టి
ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
"నాకొచ్చింది పాత బళ్లమ్మా.
కొత్తవి కంప్యూటర్ తగిలిస్తేగానీ నోరు విప్పవు.
ఆ తీగ ఎక్కడ గుచ్చాలో
ఈ వయసులో నాకెవడు చెబుతాడు?
రేపు అన్నీ కరెంటు బళ్లే అంటున్నారు.
నువ్వు నేర్చేది ఎన్నాళ్లు కూడు పెడుతుందో
నేను చెప్పలేను."
చెప్పలేనంటూనే
పదమూడో నంబరు స్పానరు నా చేతిలో పెట్టి
"కాసేపు ఇది పట్టుకో" అన్నారు.
సాయంత్రం దాకా పట్టుకున్నాను.

రాత్రి పద్దు మళ్లీ కూడాను.
ఏడేళ్ల రిపేర్లు లక్షా నలభై ఆరు వేలు.
ఫీజు ఎప్పుడో కట్టేశాను,
క్లాసుకే పోలేదు!
అనుకుని ఒక్కదాన్నే నవ్వాను గానీ
అది దొంగలెక్క.
మెకానిక్ ఇంటి బండికైనా
క్లచ్ ప్లేటు ఊరికే రాదు.
సామాన్లు తీసేసి కూలి మాత్రం కూడితే
ముప్పై ఎనిమిది వేలు.
నవ్వు ఆగింది.

అప్పుడు పుస్తకం తిరగేసి
ముందు వైపు నుంచి చదివాను.
కాయలు లేని తేదీలు.
బండి షెడ్డులో పడున్న తేదీలు.
వేలు పెట్టి లెక్కపెట్టాను, నూట పద్నాలుగు.
రోజు కిరాయితో గుణించలేదు.
గుణిస్తే నిద్ర పట్టదు.

డ్వాక్రా సంఘంలో అప్పు కాగితం మీద
దేనికి అన్నచోట
గేదె అని రాయమంది లీడరు సూర్యకాంతం,
గేదెకైతే తొందరగా వస్తుందట.
గేదెకి బూట్లెందుకని ఎవరైనా అడిగితే?
మెకానిక్ పని అనే రాశాను.
ఇంకా రాలేదు.

బూట్లు మాత్రం కొన్నాను,
రావులపాలెంలో, మగవాళ్లవే దొరికాయి.
ముందు భాగంలో ఖాళీ.
మన పెరట్లో పీచుకి కొదవా,
గుప్పెడు కుక్కి
వాకిట్లో అటూ ఇటూ నడిచాను.
అబ్బులు బండి తుడుస్తూ
చూడనట్టు చూసి
మెల్లగా సీటెత్తాడు.