గట్టు జరిపిన రోజు

నరసాపురంలో లేసు సొసైటీ మేడ మీద గది.
వశిష్ఠ మీంచి గాలొచ్చి బిల్లుల్ని లేపుతోంది.
బల్ల మీద విండోస్ సెవెన్ పెట్టె
ఎర్రగీత చూపిస్తోంది, సీ డ్రైవు నిండిందని.
పక్కనే డీ, సగానికి పైగా ఖాళీ.

"ఆ ఖాళీ కాస్త ఇటు పోసెయ్యి బాబూ,
కుంచంలోంచి కుంచంలోకి," అంది సువార్తమ్మగారు.

పొయ్యడం కాదండి, గట్టు జరపడం.
మా మేనమామ చేలో రాత్రికి రాత్రి జానెడు జరిగిన గట్టు
పదకొండేళ్ళు కోర్టు మెట్లెక్కింది.
గట్టు పగలే జరపాలి, అందరూ చూస్తుండగా,
చేలో పంట లేనప్పుడు.

పైగా ఈ పెట్టెకో పట్టుదలుంది.
సీకి ఆనుకుని కుడివైపున్న చోటునే తనదంటుంది.
డీని కుదిస్తే చోటు ఆ చివర తేలుతుంది,
ఇక్కడ ఒడ్డు కోసేసి
అక్కడెక్కడో లంక వేసే గోదారిలా.
కంటికి కనిపిస్తుంది. చేతికందదు.
అంచేత డీ మొత్తం ఖాళీ చెయ్యాలి.

ముందు డిస్కు ఆరోగ్యం చూశాను.
తరవాత పదమూడేళ్ళ అల్లికలు
బయటి డిస్కులోకి, పడవెక్కించినట్టు.
రెండుసార్లు కరెంటు పోయింది.
యూపీఎస్ కూత పెట్టినప్పుడల్లా
ఆవిడ ప్రభువా అంది, నేను పైకి అనలేదు.

లెక్క చూస్తే
ఇక్కడ నాలుగువేల రెండొందల పద్దెనిమిది,
అక్కడ పదిహేడు.

"పోన్లెండి, ఒకటే కదా" అన్నాను.
"ఒక్క కన్ను జారితే
బల్లగుడ్డ మొత్తం ఊడొచ్చేస్తది, తెలుసా?"

వెతికితే దొరికింది.
పేరు మరీ పొడుగని మోయనన్న ఫొటో ఒకటి:
వజ్రం అల్లిన మామిడిపిందె అంచు మూడో వరస తప్పు అయినా బాగుంది విప్పొద్దన్నాను కూలి పూర్తిగా ఇచ్చాను.

"పేరులో ఉత్తరం రాశారేంటండీ?"
"ఇంకెక్కడ రాయను?
రిజిస్టర్లో తప్పుకి గడి లేదు."

ఆ పేరు కత్తిరించబోతే చెయ్యి రాలేదు.
పైనున్న ఫోల్డర్ల పేర్లు కురచ చేశాను.
సొసైటీ పూర్తి పేరు, ఊరు, జిల్లా, పిన్‌కోడు
అన్నీ పోయి లేసు అని మిగిలింది.
అప్పుడు ఎక్కింది పడవ.

తీసెయ్యమంటారా అని అడిగింది పెట్టె.
ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.
అవును నొక్కాను.

డీ లేదు.
నీలిపట్టీ ఉన్నచోట నల్లపట్టీ,
కాలవ కట్టేసిన వేసవిలో అడుగు బురదలా.
అందులో కొంత సీకి కలిపి
మిగిలినదానికి మళ్ళీ డీ అని పేరు పెట్టి
అల్లికల్ని తిరిగి దింపేసరికి
కింద వీధిలో దీపాలు వెలిగాయి.

పద్దెనిమిది, అన్నాను. లెక్క సరిపోయింది.
ఆ బయటి డిస్కు నెల్లాళ్ళు తుడవకండి.

ఆవిడ లెక్కని నమ్మలేదు.
మౌసు నా చేతిలోంచి తీసుకుని
వజ్రం ఫొటో తెరిచి, పెద్దది చేసి,
మూడో వరస మీద వేలు పెట్టి
ఒక్కొక్క కన్నూ చూసుకుంటూ వెళ్ళి
ఒకచోట ఆగింది.

"ఉంది," అంది, "తప్పు."