నీలం కోటు

డండీలో ఆసుపత్రి, మూడో అంతస్తు.
కిటికీ అవతల టే నది ఉండాలి.
ఇవాళ సముద్రపు పొగమంచు మింగేసింది.
వంతెన సగం దాకా వచ్చి ఆగింది,
చెబుతూ చెబుతూ మాట మరిచినవాడిలా.

కర్స్టీ అనే అమ్మాయి తెర మీద బొమ్మలు చూపిస్తోంది.
ఎర్ర త్రికోణం. ఆకుపచ్చ చంద్రవంక. పసుపు నక్షత్రం.
రెండు సెకన్లు. చీకటి. మళ్ళీ బొమ్మలు.
"ఇందాకటివేనా? మారాయా?"

ఎరుపు గుర్తుంది. త్రికోణమూ గుర్తుంది.
ఆ ఎరుపు త్రికోణానిదా, చంద్రవంకదా అంటే
ఇస్త్రీ మూటలో కలిసిపోయిన చీరలూ జాకెట్లూ:
అన్నీ ఉన్నాయి,
ఏది దేని జతో తెలీదు.

"వయసుతో మామూలే, హైమా... వతీ."
నా పేరునీ రెండు ముక్కలు చేసి పలుకుతుంది.
"వస్తువులు పోవు. వాటి మధ్య ముడి వదులవుతుంది, అంతే."

ముప్పై ఒక్క ఏళ్ళు
ఇదే భవనం నేలమాళిగలో ఎముకల్ని ఫొటో తీశాను.
అక్కడ రంగుల్లేవు.
నలుపు నుంచి తెలుపు దాకా బూడిద మెట్లు.
ఒకసారి చూసిన మోకాలిచిప్పని
నాలుగేళ్ళ తర్వాత పేరు చూడకుండా పోల్చుకున్నాను.
ఆ మోకాలి మనిషి లిఫ్టులో పలకరిస్తే మటుకు
ఎవరో అనుకున్నాను.
గర్విష్ఠినని పేరొచ్చింది.

కేశవులు మొహం తలుచుకుంటే
గోడ మీది మొహమే వస్తుంది,
ఫొటోగ్రాఫరు నవ్వమంటే నవ్వినది.
మోటారుసైకిలు మీంచి పడ్డప్పుడు
నేనే తీసిన ఫిల్ములో
ఎడమ కంటెముక అతుక్కున్నచోటి బొడిపె మాత్రం
ఇప్పటికీ కళ్ళు మూసుకుని గీయగలను.
ఎవరూ గీయమని అడగరు.

మౌసు మీద కర్స్టీ చిటికెన వేలు
చివరి కణుపు దగ్గర కాస్త ఒరిగి ఉంది.
"చిన్నప్పుడు విరిగింది కదూ? కట్టు సరిగ్గా కట్టలేదు."
వేలు చటుక్కున వెనక్కి లాక్కుంది.
"తొమ్మిదేళ్ళప్పుడు. తలుపు సందులో."
కాసేపు వేలునే చూసుకుంది.
ఆ జవాబుకి మార్కుల్లేవు.

ఇంటికెళ్ళే బస్సులో
జేబులో చెయ్యి పెడితే
నావి కాని చేతి తొడుగులు,
కాగితం చుట్టిన ఒక పెప్పర్‌మింటు.

నీలం అని గుర్తుంది.
కోటు అని గుర్తుంది.
భుజాలు కూడా
నావేననుకునేంత చక్కగా సరిపోయాయి.

నా కోటు ఇంకా ఆ కొక్కేనికి వేలాడుతుంటుంది.
లేదా ఎవరో దాన్ని తొడుక్కుని
మరో బస్సులో కూచుని
నా వాము పొట్లం విప్పి
వాసన చూస్తుంటారు.

దిగాలి. ఎదురు బస్సెక్కాలి.
ముందు
పెప్పర్‌మింటు నోట్లో వేసుకున్నాను.