సున్నా టికెట్

మొదటిసారి పోయినప్పుడు తెర మీద
ఒక సున్నా కనపడ్డది.
నల్లటి సున్నా. లోపల ఏం లేదు.
"సంచి ఉన్నది, గుండె ఇంకా కనపడుతలేదు,
జల్దీ వచ్చినవ్, పది రోజులాగి రా" అన్నది
డాక్టర్ తస్నీమ్, తుడుచుకొమ్మని కాగితం చేతికిచ్చి.

సున్నాలు నాకు కొత్త కాదు.
కోఠి నుంచి కొండాపూర్ దాకా
రోజుకు నాలుగైదు వందలు కొడత.
ఆధార్ కార్డు చూపెట్టు, సున్నా టికెట్ తీసుకో.
కాలేజీ పోరగాండ్లకు కాదు, పోరీలకు.
బంజారాహిల్స్‌ల ఇండ్లల్ల పనికి పోయే అక్కలకు.
నిలోఫర్ దవాఖానకు మనుమరాలిని ఎత్తుకొని పోయే అవ్వకు.
సున్నా అంటే మనిషి లేదని కాదు,
ఎక్కి కూసున్నదని.
ఆ పది రోజులు నాకు నేనే ఈ మాట చెప్పుకున్న,
మాసబ్‌ట్యాంక్ కాడ, చెక్‌పోస్టు కాడ,
సిగ్నల్ పడ్డ ప్రతి చోట.
కొన్ని సిగ్నళ్ల కాడ నమ్మిన.

పోయినేడు ఒకటి
ఎనిమిది వారాలకే దిగిపోయింది.
ఏ స్టాపుల దిగిందో తెల్వదు.
బెల్లు కొట్టలే, ఆపమనలే.
నాలుగో రోజు డ్యూటీ ఎక్కిన.
లీవు కాగితం మీద జొరమని రాసిన.

అందుకే ఈసారి ఎవరికీ చెప్పలే, ఎల్లేష్‌కు తప్ప.
రాత్రిపూట పొట్టకు చెవి ఆనిచ్చి పండుకుంటడు.
ఏమన్న వినొస్తుందా అంటే
"నువ్వు తిన్న జొన్నరొట్టె అరుగుతుంది" అన్నడు.

డ్రైవర్ ఖాజా భాయ్‌కి కూడా చెప్పలే.
కానీ వారం నుంచి స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే
బస్సును నిండు పాలగిన్నె లెక్క దాటిస్తుండు.
ఐదుగురు పిల్లల తండ్రి.
అద్దంల చూస్తడు, చూడనట్టు.

పదో రోజు, మలక్‌పేట, స్కానింగ్ సెంటర్.
నీళ్లు తాగి ఆపుకొమ్మన్నరు.
ఒంటేలు ఆపుకొనుడు కండక్టరమ్మకు
ఒకరు నేర్పాల్నా?
గోడ మీద తెలుగుల, ఉర్దూల రాసి ఉన్నది,
ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదని.
చెయ్యకుండ్రి.
ఆడనో మగనో ఎవరికి కావాలె,
నేనడిగేది అంతకన్న చిన్న ముచ్చట.
ఉన్నదా?

తెర మీద మళ్ల అదే సున్నా.
కానీ ఈసారి దాని అంచుకు ఆనుకొని
ఒక మినపగింజ.
గింజల ఏదో మినుకుమంటుంది,
చలికాలం పొద్దుగాల మంచుల
దూరంగ వచ్చే బండి ఇండికేటర్ లెక్క,
ఉన్నదా లేదా, ఉన్నదా లేదా,
ఉన్నది.

"చప్పుడు వినిపియ్యవా మేడమ్?"
"ఇంత చిన్నదానికి చప్పుడు పెట్టమమ్మా. చూసుడే."
గింజ మీదుగ ఒక గీత గీసింది.
గీత పక్కన సన్నటి అలలు.
అలల కింద అంకె.
నూట ముప్పై రెండు.
నా గుండె అంతకంటె ఎక్కువనే కొట్టుకుందేమో,
దాన్నెవరు లెక్కపెట్టలే.
"పన్నెండు వారాలు దాటనీ, అప్పుడు మిఠాయి" అన్నది డాక్టర్.
సరే అన్న.
ఎల్లేష్ ఆ బొమ్మ కాగితాన్ని మడతపెట్టలే,
రెండు చేతులతోని పట్టుకొని
తడి ఆరని ఫోటో లెక్క ఇంటిదాక మోసిండు.

సాయంత్రం డ్యూటీ.
మిషన్ పట్టీ పొట్ట మీద పడకుండ
పక్కకు జరుపుకున్న.
బొటనవేలు సున్నా టికెట్ బటన్ మీదికి పోయింది,
ఒక్కటి, దానికోసం.
కొట్టలే.
చెకింగ్ వస్తే లెక్క తప్పుతది,
మెమో ఇస్తరు.
ఎక్కడి నుంచి ఎక్కడికని అడుగుతది మిషన్,
ఏం చెప్పాలె?

కోఠిల బండి ఆన్ చేసి
ఖాజా భాయ్ వెనక్కి తిరగకుండనే అడిగిండు,
"క్యా బోలే?"
నూట ముప్పై రెండు అన్న.
మా రూటు నూట ఇరవై ఏడు.
కొంచెం సేపు ఆలోచన చేసిండు.
"ఆ నంబర్ ఏడికి పోతది?"
"తెల్వదు భాయ్. ఇప్పుడే కదిలింది."

రైట్ చెప్పుడు మర్చిపోయిన.
వెనుక సీట్ల నుంచి ఎవరో చెయ్యి చాపుతుంది,
"మేడమ్, లక్డీకాపూల్ ఒకటి."