మొక్కుకు ముందు రాత్రి

చిలోయె దీవుల్లో వాన ఆగదు,
ఊపిరి తీసుకోవడానికి కాసేపు పక్కకు తప్పుకుంటుంది, అంతే.
అలా తప్పుకున్న ఒక తెల్లవారుజామున
ఆటుకు బయటపడ్డ బురదలో మోకాళ్ళ మీద కూలబడి
నేను, ఎలెవుతేరియో నాఉతోని, మాటిచ్చాను:
తమ్ముణ్ణి తిరిగి ఇయ్యి.
నీ చర్చి పైకప్పు ఉత్తరపు వాలంతా
నా చేత్తో కొత్త చెక్కలు కప్పుతాను.

మధ్యాహ్నానికి రెమిహియో వచ్చాడు.
ఎవరిదో పడవలో, ఎవరిదో ఉన్ని కోటులో,
ఒక కాలికి బూటు లేకుండా.
అమ్మ వాణ్ణి కొట్టింది, తర్వాత ముద్దు పెట్టుకుంది,
తర్వాత మళ్ళీ కొట్టింది.

చెక్కలు కొయ్యకపోలేదు. అబద్ధమెందుకు,
సైప్రస్ మాను కొన్నాను, చీల్చాను, కొట్టంలో ఆరబెట్టాను.
మార్చిలో కాస్త్రో నుంచి ఒకాయన దిగాడు,
పర్యాటకుల బసకు గోడలు తొడగాలట.
ఆయన చేతిలో నోట్లు పొడిగా ఉన్నాయి.
ఈ దీవిలో పొడిగా ఉండేవి చాలా తక్కువ.
ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు,
నేను తగలెయ్యలేదు, అమ్ముకున్నాను.
ఆ డబ్బుతో పడవకు ఇంజను వచ్చింది.

ఇక శిక్ష కోసం ఎదురుచూశాను.
ఇంజను నడిసముద్రంలో మొరాయిస్తుందనుకున్నాను,
మొదటి లాగుకే మేలుకునేది.
బంగాళాదుంపకు తెగులు తగులుతుందనుకున్నాను,
ఆ ఏడు గంపలు చాల్లేదు.
కూతురు పుట్టింది. వేళ్ళు లెక్కపెట్టాను, పదీ ఉన్నాయి,
ఏ వేలి మీదా నా అప్పు రాసిలేదు.

ఆదివారాలు మాత్రం
ఉత్తరపు వాలు నుంచి ఒక్కో చుక్క
సరిగ్గా నా భుజం మీదే పడేది.
చోటు మారాను.
చుక్క దోన్యా క్లోరింద నెత్తిన పడింది.
ఆవిడ ఏమీ అనకుండా కొంగులాంటి ఆ శాలువా తల మీదికి లాక్కుంది.

తొమ్మిదేళ్ళు.

తమ్ముడి పెళ్ళిలో, మూడో గ్లాసు ఆపిల్ సారా తర్వాత
వాణ్ణి పైకి లాగిన ముసలి పడవవాడు చెప్పాడు:
"చీకటి పడకముందే దొరికాడు వీడు.
మా పొయ్యి పక్కన రెండు గిన్నెల ఆల్చిప్పల పులుసు తాగి
తెల్లారేదాకా గురకపెట్టాడు."

తెల్లారేదాకా.
అంటే నేను బురదలో పడి బేరమాడుతున్నప్పుడు
అవతల వీడు వెచ్చగా బోర్లా పడుకునున్నాడు.

ఒప్పుకుంటున్నాను, ముందు లెక్కే వేశాను.
అడగకముందే ఇచ్చేశాడంటే బేరమే కుదరలేదు.
బేరం లేకపోతే బాకీ లేదు.
నా లోపలి షావుకారు చేతులు దులుపుకొని లేచాడు.
తొమ్మిదేళ్ళు బాకీ నెత్తిన పెట్టుకొని నిద్రపోయినవాణ్ణి,
బాకీ లేదని తెలిసిన ఆ రాత్రి
కళ్ళు మూయలేకపోయాను.

గుడి తాళంచెవి క్లోరింద దగ్గరుంటుంది,
పాదిరీ ఏడాదికి ఒకసారే వస్తాడు.
ఆవిడ బంగాళాదుంప తురుము గుడ్డలో పిండుతోంది.
అంతా చెప్పాను. చెక్కలు, నోట్లు, ఇంజను, పులుసు.
"నీ మొక్కు వినేసరికే ఆయన పని అయిపోయింది," అంది.
"దానికి ఖరీదు కట్టే షరాబు ఎవరున్నారు? నువ్వు చెల్లించలేవు."
"అయితే కప్పు వెయ్యక్కర్లేదా?"
పిండడం ఆపి నావైపు చాలాసేపు చూసింది.
"కారుతోంది కదయ్యా," అంది.

ఇంజను అమ్మలేదు, అంత మంచివాణ్ణి కాను.
ఈ చలికాలం పీతల డబ్బుతో మళ్ళీ మాను కొన్నాను.
ఇప్పుడు నిచ్చెన కింద రెమిహియో ఉన్నాడు,
ఎందుకని అడక్కుండా చెక్కలు అందిస్తున్నాడు.
వాడి చేతులు వెచ్చగా ఉన్నాయి.
ప్రతి చెక్క తీసుకునేటప్పుడూ
ఒకసారి తాకి చూస్తున్నాను.

ఉత్తరపు గాలి లేచింది. వాన మొదలైంది.
గుడి లోపలినుంచి క్లోరింద అరుస్తోంది:
"ఇంకాస్త ఎడమకి!"