మూర

నా ఉద్యోగమేమిటని పిన్ని అడిగితే
"లెక్కలు" అంటాను.
ఇంకాస్త గుచ్చి అడిగితే,
ఒకే ఇంటివాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఎంతకి అమ్ముకున్నారో,
పరాయివాళ్ళయితే ఎంతకి అమ్మేవాళ్ళో
ఆ తేడా చూస్తానంటాను.
"ఇంటివాళ్ళ మధ్య బేరమేమిటే!"
ఆ ఒక్క ప్రశ్న మీద
బెళ్ళందూరులో మా ఆఫీసు
పదకొండు అంతస్తులు లేచింది.

నిన్న రాత్రి ఫైలు:
ఇన్ని దేశాలు, ఒకే సంత.
సరుకుకి సరిహద్దు లేదు, లారీ ఎక్కడా ఆగదు.
లాభానికి మాత్రం ఊరికో కొలత.
ఒక దేశంలో యంత్రం ఐదేళ్ళకి ముసలిదవుతుంది,
వాగు దాటితే అదే యంత్రానికి పదేళ్ళ ఆయుష్షు.
ఇక్కడ ఖర్చనిపించుకున్న వడ్డీ
అక్కడ సాకనిపించుకుంటుంది.
బిస్కెట్లు అమ్మింది ఒకచోట,
వాటి పేరు కాపురముండేది మరోచోట,
వాన ఎక్కువ, పన్ను తక్కువ ఉన్న దీవిలో.
పేరుకి అద్దె కట్టేశాక
అమ్మిన కొట్లో మిగిలేది
ఈగలు తోలుకోవడమే.

"సదరు అద్దె చేయిదూరపు ధరకు లోబడే ఉన్నది"
అని రాసి సంతకం పెట్టాను.
చేయిదూరం.
మా వృత్తికి అదే వేదం.
ఎవరి చేయి అని
ఎవరూ అడగరు.

మూడున్నరకి క్యాబు.
"శుక్రవారం, బండికి పూలు కావాలి మేడం, ఐదే నిమిషాలు"
అని నింగరాజు కె.ఆర్. మార్కెట్ వైపు తిప్పాడు.
తడి గోనెలు, కనకాంబరాలు, తొక్కిన సేవంతుల వగరు వాసన.
నా తెలుగు విని ముళబాగిలు చౌడమ్మ పిలిచింది.
ఆమెకది మూర,
పక్కన సెల్వికి ముళం,
ఆ పక్కన పుట్టలక్ష్మికి మొళ.
అందరిదీ ముప్పై రూపాయలే.
చేతులే వేరు.

పుట్టలక్ష్మిది నిలువెత్తు మనిషి చేయి,
జనం అక్కడే మూగుతారు.
చౌడమ్మ చేయి చిన్నప్పుడెప్పుడో విరిగి
వంకరగా అతుక్కుంది.
అందుకని ఆమె రెండు వేళ్ళు కొసరేస్తుంది,
అది చూసి సెల్వి నాలుగు,
అది చూసి పుట్టలక్ష్మి జానెడు.
"ఇట్లా ఏసుకుంటా పోతే
తెల్లారేసరికి నాకు దారం మిగుల్తాదమ్మా!"

పోయిన ఆషాఢంలో అందరూ కూర్చున్నారంట.
ఒక కర్ర నరుక్కుందాం,
మూర అందరికీ ఒకటే,
ధర ఎవరిది వాళ్ళది.

నేను నవ్వాపుకున్నాను.
ముసాయిదా మీద ముసాయిదాగా
నా బల్ల మీదున్నదీ అదే మాట,
నాలుగు వందల పేజీల్లో.

"మరి కర్రేదీ?"
"యాడ తెగింది! ఎవురి చెయ్యి పెట్టి నరకల్లో తేలలేదే."
తన చేయే కొలతంది పుట్టలక్ష్మి.
సగటు తీయమంది సెల్వి.
ఒక్కరు వద్దన్నా కర్ర తెగకూడదని
కూర్చునేముందే ఒట్టేసుకున్నారట.
తానేమందో చౌడమ్మ చెప్పలేదు,
బకెట్లో నీళ్ళు తీసి మల్లెల మీద చిలకరించింది.

ఒక మూర ఇమ్మన్నాను.
కొసరు వద్దన్నాను.
"అట్లయితే నీ చెయ్యి చాపు."
ఐడీ కార్డు తాడు పక్కకి నెట్టి చాపాను.
నా మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా
ఆమె మాల పరిచింది.
తన మూర కన్నా నాది
ఎంత ఎక్కువో ఇద్దరం చూశాం.
ముప్పయ్యే తీసుకుంది.

కొనేవాళ్ళ చేత్తో కొలవడం
ఏ పేజీలో ఉందా అని
ఇంటిదాకా వెతుక్కున్నాను.

మధ్యాహ్నం ఫైలు తెరిచి
"చేయిదూరపు" పక్కన ఒక వ్యాఖ్య పెట్టాను:
ఎవరి?
సాయంత్రానికి మేనేజరు దాన్ని మూసేశాడు,
"అచ్చుతప్పు. సరిచేయబడింది."