కుట్టి వదిలిన జేబు

రోహుకులా రేవులో ఫిబ్రవరి.
సముద్రం సగం రాయి, సగం నీళ్లు.
తెల్లవారుజామున మూడింటికి
ఫెర్రీ టికెట్ల పేజీ
"ఏమీ లేదు" అని ఒక్క మాటని కూలబడింది.

లేనిదాన్ని వెతకడానికి నన్ను లేపారు.

ఈ పేజీని మేమెవరం పుట్టించం.
అవతలి దీవిలో ఎవరో నిద్రపట్టక బొత్తాం నొక్కితే
సర్వరే దాన్ని కంటుంది,
ఒట్టి చేతులతో.
కన్‌స్ట్రక్టర్ గడప దగ్గర కూర్చుని
ధరల పట్టిక ఇస్తేనే పుడతానని
మారాం చేసే వీలు దానికి లేదు.
అందుకే పదకొండేళ్ల కిందట హిల్లర్
దాని ఒంటికి జేబులు కుట్టాడు.
ధరలకొకటి, మంచు కబురుకొకటి,
ఎడమ పక్కన లోపలెక్కడో
లాగ్ రాసుకునే పెన్సిలుకు చిన్నది.

పుట్టిన పేజీ నోరు తెరిచేలోగా
కంటైనర్ వచ్చి
ఏ జేబులో ఏది పట్టాలో అది పెట్టి పోతుంది.
రేవులో వెల్యో చేసేదీ ఇదే.
డ్యూటీకెక్కే కుర్రాళ్ల కోటుల్లోకి
వాకీటాకీ, చేతి తొడుగులు, టికెట్లకు చిల్లుపెట్టే పటకారు
తోసేస్తాడు, ఆవులిస్తూ.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు.
ఇక్కడ అడగకపోయినా పెడతారు.
చిక్కంతా అక్కడే.
అడిగే అలవాటు పోయినవాడికి
పెట్టలేదన్న సంగతి
చలి వేళ్లు కొరికేదాకా తెలియదు.

నాలుగున్నరకు దొరికింది.
కొత్తగా చేరిన మెర్లే
మంచుదారి వార్తల కోసం పేజీలో చిన్న ముక్కొకటి
న్యూ అని కొట్టి, తన చేత్తోనే చేసింది.
అందంగానే చేసింది.
కాకపోతే అది
వెల్యో నిలబడని వైపు నుంచి ఓడెక్కింది.
జేబుంది, కుట్లు గట్టిగానే ఉన్నాయి.
చెయ్యి పెడితే అస్తరు గుడ్డ తగిలింది.

"పుట్టేటప్పుడే అడిగించొచ్చు కదా?" అంది మెర్లే ఫోన్లో,
గొంతులో ఇంకా నిద్ర.
అడగ్గలిగినవాటి చేత అడిగించు అన్నాను.
మన చేతుల్లో పుట్టేవన్నీ
గడప మీదే లెక్క తేల్చుకోవాలి.
మన చేతుల్లో పుట్టనిదానికే జేబు.
జేబు కుట్టినవాళ్లు
నింపే మనిషి ఏ దారిలో ఉంటాడో కూడా
రాసిపెట్టాలి.
హిల్లర్ రాయలేదు.
నేనూ రాయలేదు, పదకొండేళ్లుగా
అటే నడుస్తున్నాను గనక.

ఆ ముక్కను కంటైనర్ దారికి మళ్లించాను.
ఖాళీ జేబుతో వచ్చేదేదైనా
గుమ్మంలోనే, పేరుతో సహా, అరవాలని
ఒక వరస చేర్చాను.

ఏడింటికి మొదటి ఫెర్రీ
మంచు పలకల్ని నములుతూ కదిలింది.
చూద్దామని రేవుకు నడిచాను.
వేళ్లు మొద్దుబారి కోటు జేబులో పెట్టుకుంటే
మెత్తగా ఏదో తగిలింది.
ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో,
ఊలు తొడుగు.

ఒకటే.
రెండోదానికి ఎవరినో అడగాలి.