చెట్టు కేకు ఉన్నన్నాళ్ళు

సూట్‌కేసు ఇంకా నడవాలోనే ఉంది.
తొమ్మిది రోజులుగా దాన్ని దాటుకుంటూ వంటింట్లోకి వెళుతున్నాం
తెల్లవారుజామున నేనూ, తెల్లారాక వకారిసూ.
దాని మూలలెక్కడో మా మోకాళ్ళకి బాగా తెలుసు.
జిప్పు లాగితే క్రీట్ ఇసుక రాలుతుంది,
రాలితే ఊడవాలి,
ఊడవడం ఎవరి వంతో
ఇంకా తేల్చుకోలేదు.

క్లైపెదాలో వాన.
అక్టోబరు కదా, పడదూ మరి!
రేడియేటర్లలోకి వేణ్ణీళ్ళు ఇంకా వదల్లేదు నగరం వాళ్ళు.
ఇంట్లోనూ కోటే, ఉన్ని మేజోళ్ళే.
కోటు లోపల మాత్రం
నా భుజాల మీంచి ఎండ ఊడివస్తోంది.
స్నానాల గదిలో నిలబడి
ఉల్లిపొరలాంటి ఆ ముక్కని వెలుతురుకి పట్టి చూస్తాను
ఇది పడవెక్కిన రోజుదా
గొడుగు మరిచిన రోజుదా అని.

మొన్న పోస్టాఫీసులో
"బల్సియెనే! శ్రీమతి బల్సియెనే!" అని మూడుసార్లు పిలిచారు.
ఎవరీ చెవిటి మహాతల్లి అని
నేనూ అందరితోపాటు చుట్టూ చూశాను.
మా దగ్గర ఆడదాని ఇంటిపేరుకి తోకుంటుంది
పెళ్ళయిందో లేదో అదే చెప్పేస్తుంది.
ఇరవై తొమ్మిదేళ్ళు నర్కుతేగా తిరిగినదాన్ని
ఒక్క శనివారంతో తోక మారింది.
సంతకం పెట్టబోతే
కొత్త చెప్పులా కరిచింది.
పొట్లంలో, పెళ్ళికి రాలేకపోయిన పిన్ని పంపిన
పన్నెండు సూప్ గిన్నెలు.
పన్నెండు!

నేను మూడున్నరకల్లా బేకరీలో పిండి కలుపుతూ ఉండాలి.
అతను రేవులో క్రేను దిగేది ఏడింటికి.
మా ఇద్దరికీ కలిపి దొరికేది
మధ్యాహ్నం మూడు నుంచి ఆరు.
అతను ఆవులిస్తూ లేస్తాడు
నేను ఆవులిస్తూ కూలబడతాను.
క్రీట్‌లో ఇద్దరం ఒకేసారి ఆవులించేవాళ్ళం.

బల్ల మీద షాకోటిస్,
మా పెళ్ళిళ్ళలో పెట్టే చెట్టు కేకు.
నిప్పు ముందు కడ్డీ తిరుగుతుంటే
గుడ్ల పిండి పోస్తూ పోస్తూ ఉంటారు
జారబోయిన ప్రతి చుక్కా ఉన్నచోటే కొమ్మయిపోతుంది.
పెళ్ళిరోజున అది వకారిస్ ఛాతీ దాకా ఉంది.
నలభై మంది విరుచుకు తిన్నా తరగలేదు
నెల దాటినా పాడవదు.
అదే దాని గొప్ప, అదే దానితో చిక్కు.
ఇప్పుడు మోచెయ్యంత మిగిలింది.
అతను కాఫీలో ముంచుకుంటాడు, నేను పాలల్లో.
అది కాస్తా అయిపోతే
మేం ఉత్త మొగుడూ పెళ్ళాలమే కదా అనిపిస్తుంది.
పొద్దస్తమానం రొట్టెలు కాల్చేదాన్ని
ఒక కేకు అయిపోతుందంటే ఇంత దిగులేమిటో.

మొదటి పోట్లాట కిటికీ గురించి.
వకారిస్ అంటే పడమటి గాలి. పేరు పెట్టినవాళ్ళననాలి
మంచు కురిసినా తెరిచే ఉంచాలంటాడు.
"హోటల్లో ఎప్పుడూ మూయలేదుగా, నీకు గాలంటే ఇష్టమనుకున్నాను."
"ఆ గాలి వేరు."
"గాలి గాలే."
ఆ మాట దగ్గర ఆగిపోయి
అతను రేవుకి, నేను నిద్రకి.

మర్నాడు లైటు వెయ్యకుండా
పాల కోసం తడుముతుంటే చేతికి తగిలింది:
కేకు ఒకవైపంతా బోడి
రెండోవైపు ఒక్క కొమ్మా పోలేదు.
ఇన్నాళ్ళూ తనవైపు నుంచే విరుచుకుంటున్నాడు.
నావైపని ఎప్పుడనుకున్నాడో, నాకు చెప్పనే లేదు.
పళ్ళెం తిప్పిపెట్టి పనికి వెళ్ళాను.
మధ్యాహ్నానికి వచ్చి చూస్తే
మళ్ళీ ఎప్పటిలాగే తిరిగి ఉంది.
ఎవరమూ ఏమీ అనలేదు.

మంగళవారం నాడు గొట్టాలు దడదడలాడాయి.
ఎవరో లోపలినుంచి తలుపు కొడుతున్నట్టు గోడలో చప్పుడు
ఆ తర్వాత సన్నగా వెచ్చదనం.
గిన్నెల్లో రెండు కడిగాను
పది పై అరలోకి పోయాయి.
బీట్‌రూట్ సూప్ పొగలు కక్కుతుంటే
కిటికీ ఒక బెత్తెడు తెరిచాను,
బెత్తెడే.
సూట్‌కేసు సంగతి ఆదివారం చూద్దాం.